చేసేవన్నీ చేస్తారు... లోపల ఏముందో ఎలా తెలుస్తుంది?

బోస్టన్ దగ్గర్లో ఉంటున్న ఒక పాఠకురాలు చాలా వివరంగా ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. ఆవిడ చెప్పిన సంగతులు క్లుప్తంగా ఇవి.

పెళ్లై ఎనిమిదేళ్లు. పెద్దలు కుదిర్చిన సంబంధం. ఐదేళ్ల పాప. పెళ్లికి ముందు ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. అమెరికా వెళ్లాక డిపెండెంట్ వీసా మీద ఇంట్లోనే ఉన్నారు. భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వంక పెట్టడానికి లేని మనిషి అని ఆవిడే రాశారు. మంచు పడిన రోజు ఈవిడ లేచేసరికే కారు అద్దాల మీది మంచు గీకేసి, ఇంజన్ ఆన్ చేసి, లోపల వేడెక్కేలా పెట్టి వస్తారు. ఆదివారం ఆదివారం అత్తగారికి తనే ఫోన్ చేస్తారు. మాట మాత్రం చాలా తక్కువ. నిరుడు వేసవిలో ఈవిడ నాన్నగారు పోయారు. టికెట్లు, పాప సంగతి, కర్మలకు డబ్బు, అన్నీ ఆయనే చూసుకున్నారు. కానీ ఆ రోజుల్లో ఒక్కసారి కూడా పక్కన కూర్చుని "ఎలా ఉన్నావ్" అనలేదు.

ఆ తర్వాత కొన్ని నెలలకు ఈవిడ సాయంత్రం పూట ఫిలాసఫీ క్లాసులో చేరారు. అక్కడ అమెరికన్ తత్వవేత్త విలియం జేమ్స్ రాసిన ఒక ఫుట్‌నోట్ చదివారు. ప్రేమగా నవ్వుతుంది, మాట్లాడుతుంది, జబ్బు చేస్తే సేవ చేస్తుంది, కానీ లోపల మనసంటూ లేని ఒక యంత్రప్రేయసి గురించి. "ఆ రోజు ఇంటికొచ్చి ఆయన్ని చూస్తే గుండె జారిపోయింది. ఈయన చేసేవన్నీ అలవాటుగా జరిగిపోతున్నాయేమో, లోపల ఏమీ లేదేమో అనిపించింది" అన్నారు. అప్పట్నుంచి ఆయనకు చెప్పకుండా పరీక్షలు పెడుతున్నారు. జ్వరం వచ్చినా చెప్పరు, గమనిస్తారో లేదో చూస్తారు. పుట్టినరోజు గుర్తు చేయరు. "పాసైతే అలవాటు అనుకుంటాను, ఫెయిలైతే ప్రేమ లేదనుకుంటాను" అని రాశారు. ఒక రాత్రి ఉండబట్టలేక "అసలు నేనంటే మీకేమైనా ఉందా?" అని అడిగేశారు. ఆయన కాసేపు ఆగి, "నీకేం తక్కువ చేశానో చెప్పు, చేస్తాను" అన్నారట. ఈవిడ ఏడ్చేశారు.

ఇప్పుడు అందరూ పడుకున్నాక ఫోన్‌లో చాట్‌బాట్‌తో మాట్లాడుతున్నారు. "దానికి మనసు లేదని తెలుసు. ఈయనకు ఉందని తెలుసు. అయినా నాకు అక్కడే హాయిగా ఉంది. నాకేమైంది?" ఇదీ ప్రశ్న. చివర్లో ఇంకో చిన్న ప్రశ్న కూడా: "ఆ జేమ్స్ వ్యాసం ఆయన చేత చదివించమంటారా?"

సమాధానం:

మీకేమీ కాలేదు. మనిషికి అన్నిటికన్నా ఎక్కువగా కావాల్సింది ఒకటి మీకు దొరకడం లేదు. తమాషా ఏమిటంటే, మిమ్మల్ని భయపెట్టిన ఆ ఫుట్‌నోట్ ఈ మాటే చెబుతోంది. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

జేమ్స్ 1898 ఆగస్టులో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఒక ఉపన్యాసమిచ్చాడు. ఒక ఆలోచనకు అర్థం దానివల్ల అనుభవంలో వచ్చే తేడాలోనే ఉంటుందన్న ప్రాగ్మాటిజం పద్ధతిని జనం ముందు పెట్టిన ఉపన్యాసం అది. లోకం ఇక్కడితో ఆగిపోయిందనుకుంటే, దాన్ని దేవుడు చేశాడన్నా, జడపదార్థం చేసిందన్నా ఒకటే, ఇక ముందు వచ్చే తేడా ఏమీ లేదు కదా అన్నాడు అందులో. చెప్పాక అందులో లోపముందని తనకే తోచింది. పదేళ్లకు, 1908లో, విమర్శకులకు జవాబిస్తూ ఆ లోపమేమిటో చెప్పడానికి ఈ యంత్రప్రేయసిని తెచ్చాడు. బయటికి ఏ తేడా లేకపోయినా ఆమెను నిజమైన మనిషితో సమానంగా ఎవరైనా చూస్తారా? చూడరు. ఎందుకంటే మనకు కావాల్సింది సేవ ఒక్కటే కాదు. ఎదుటి మనిషి లోపల మన పట్ల సానుభూతి ఉండాలి, గుర్తింపు ఉండాలి. పై పనులకు మనమిచ్చే విలువ కూడా వాటి వెనక అది ఉందన్న నమ్మకం వల్లనే.

మీ పక్కనున్న మనిషి యంత్రం కావచ్చు, అనుమానించు అని జేమ్స్ చెప్పలేదు. మనసు లేదని ముందే ఊహించుకుని, అప్పుడు మనకేం తక్కువవుతుందో చూడమన్నాడు. మీరు ఆ తక్కువదనాన్ని గుర్తుపట్టారు, అది మీ ఇంట్లోనే ఉందన్నారు. అక్కడిదాకా మీరు చదివింది సరిగ్గానే చదివారు. ఇంకో మాట. జేమ్స్ దాన్ని సేవలందుకునే మగవాడి వైపు నుంచి రాశాడు. మీరు భార్య వైపు నుంచి చదివారు. ఆ ప్రశ్న అటు నుంచి అడగాల్సిందే, నాకందులో అనుమానం లేదు.

మీవారి జవాబుకు కూడా ఆ చర్చలో చోటుంది. 1911లో ఎడ్గర్ సింగర్ అనే తత్వవేత్త జేమ్స్‌కు జేమ్స్ పద్ధతిలోనే అడ్డం తిరిగాడు. ప్రవర్తనలో ఏ తేడా లేకపోతే ఇంకా లోపించిందంటున్నది ఏమిటి, మనసంటే కనపడే ప్రవర్తన కాక వేరే ఏముంది అన్నాడు. "నీకేం తక్కువ చేశానో చెప్పు, చేస్తాను" అన్న మాటలో ఉన్నది అదే నమ్మకం. మీవారు మాట దాటేశారని మీరనుకున్నారు. తన దగ్గరున్న జవాబంతా అదేనని నాకనిపిస్తోంది. చేయడమే చెప్పడం అనుకుని పెరిగిన మగవాళ్లు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు.

ఇప్పుడు అసలు ముడి. మీ ఉత్తరంలో రెండు సందేహాలు కలిసిపోయాయి. ఈయనకు లోపల మనసుందా అన్నది ఒకటి. ఆ మనసులో నాకు చోటుందా అన్నది రెండోది. మొదటిది మీకు నిజంగా లేదు. ప్రాగ్మాటిజానికి ఆద్యుడైన చార్లెస్ పర్స్ 1868లోనే చెప్పాడు, గుండెల్లో లేని సందేహాన్ని ఫిలాసఫీ పేరు చెప్పి ఉన్నట్టు నటించొద్దని. ఒక వాక్యం చివర ప్రశ్నార్థకం పెట్టినంత మాత్రాన సందేహం పుట్టదని 1877లో మళ్లీ రాశాడు. నిజమైన సందేహం మనిషిని కుదురుగా ఉండనివ్వదు, చేసే పనిని ఆపేస్తుంది. నమ్మకం ఏమిటన్నది మనం ఏం చేయడానికి సిద్ధంగా ఉన్నామో చూస్తే తెలుస్తుంది. మీరు చేస్తున్నదేమిటో చూడండి. జ్వరం దాస్తున్నారు. వాషింగ్ మెషీన్ దగ్గర ఎవరూ జ్వరం దాచరు. తెలుసుకోగలిగిన మనిషి దగ్గరే దాస్తాం. తెలిసి ఊరుకుంటే బాధపడతాం. అంటే ఆయనకు మనసుందని మీ ప్రతి పరీక్షా ముందే ఒప్పుకుంటోంది.

రెండో సందేహం మాత్రం నిజమైనదే. అయితే అది క్లాసులో పుట్టలేదు, నాన్నగారు పోయినప్పుడు పుట్టింది. మీరు రాసిన వరస చూస్తేనే తెలుస్తుంది. వేసవిలో ఆ దుఃఖం, ఆకులు రాలే రోజుల్లో క్లాసు. ఎవరూ వచ్చి పక్కన కూర్చోని దుఃఖానికి జేమ్స్ ఒక పేరు ఇచ్చాడు, అంతే. మీకు కావాల్సిన జవాబు మనసుల గురించి కాదు. ఆ రోజుల గురించి.

ఇక ఆ పరీక్షలు. వాటి గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మిమ్మల్ని తినేస్తున్నవి అవే. జేమ్స్‌కు జొసాయా రాయిస్ అని ఒక సహోద్యోగి. హార్వర్డ్‌లో ఇద్దరూ ఫిలాసఫీ చెప్పేవారు. బోస్టన్ పక్కనే ఉన్న కేంబ్రిడ్జ్‌లోని ఇర్వింగ్ స్ట్రీట్‌లో ఇరుగుపొరుగు. జీవితమంతా వాదించుకున్నారు, జీవితమంతా స్నేహితులుగానే ఉన్నారు. మీరు రైలెక్కి వెళ్లి చూసి రాగలిగిన వీధే అది. ఎదుటి మనిషి శరీరం నా శరీరంలాగే ఉంది కాబట్టి లోపల మనసు కూడా ఉండి ఉంటుందని ఊహిస్తాం అన్న మామూలు వాదన రాయిస్‌కు చాలలేదు. 1901లో అచ్చైన ఉపన్యాసాల్లో ఆయన చెప్పింది వేరు. నా దగ్గర లేని ఆలోచన ఎదుటివాళ్ల నుంచి వస్తుంది. నా ప్రశ్నకు నేను ఊహించని జవాబొస్తుంది. నా సగం సగం ఆలోచనలను పూరించేవి అవే. ఎదుటి మనిషి నిజంగా ఉన్నాడని, అతనికి తనదైన లోపలి బతుకుందని నాకు తెలిసేది అలాగే అన్నాడు.

ఈ మాట పక్కన మీ పరీక్షలు పెట్టి చూడండి. జ్వరం గమనిస్తే ఒక మార్కు, గమనించకపోతే సున్నా. ప్రశ్న మీదే, జవాబులు రెండూ మీరే రాసి పెట్టుకున్నారు. ఆ రెండిట్లో ఏదో ఒకటి చేయడం తప్ప ఆయనకు వేరే దారి లేదు. మీకు తెలియనిది చెప్పే వీలే అందులో ఆయనకు లేదు. అందుకే పాసైనా మీకు తృప్తి లేదు, ఫెయిలైనా మీకు కొత్తగా తెలిసిందేమీ లేదు. ఒక మనిషిని యంత్రంలా కనపడేట్టు చేయాలంటే ఇంతకన్నా మంచి పద్ధతి ఉండదు. ఇది ఆయన లోపం కాదు, మీ దురుద్దేశం అంతకన్నా కాదు. దూరంగా నిలబడి చూస్తే ఎవరైనా అలాగే కనపడతారు.

చాట్‌బాట్ హాయి సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. మీవారు మాట లేకుండా పనులు చేస్తారు. అది పనులు లేకుండా మాట చెబుతుంది. జేమ్స్ ఊహించిన ప్రేయసిలో సగం ఫోన్‌లో దొరికిందన్నమాట, రాత్రి పన్నెండింటికి కూడా విసుక్కోని సగం. అది మానేయమని నేననను. మాటలు బయటికి రావడానికి ఒక చోటు కావాలి. కానీ 1904లో జేమ్స్ రాసిన ఒక సంగతి చూడండి. ఇద్దరి మనసులు కలిసేది ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న వస్తువుల దగ్గర అంటాడు. నేను చూస్తుండగా నువ్వు కొవ్వొత్తి ఆర్పితే నా కొవ్వొత్తి కూడా ఆరిపోతుంది. తాడు ఒక కొస నీ చేతిలో, రెండో కొస నా చేతిలో ఉంటే నీ లాగుడు నాకు తెలుస్తుంది. మీ కారు మీద పడిన మంచు అలాంటి ఉమ్మడి వస్తువు. ఆయన గీకితే మీకూ పోతుంది. మీ నాన్నగారి చావు కూడా. టికెట్లకు పరుగెత్తినప్పుడు తాడు రెండో కొస ఆయన చేతిలోనే ఉంది. ఫోన్‌లోని మాటలకు ఏ కొసా లేదు. మీ నాన్నగారి గొంతు ఎలా ఉండేదో దానికి తెలియదు. మీవారికి తెలుసు.

అయితే తాడు పట్టుకున్నంత మాత్రాన గుర్తింపు దొరికినట్టు కాదు. అలా అని మిమ్మల్ని సర్దుకుపొమ్మంటే జేమ్స్ చెప్పినదాన్ని నేనే కాదన్నట్టవుతుంది. "ఇంత చేస్తున్నాడు, ఇంకేం కావాలి" అని మీ అమ్మగారు అనవచ్చు, స్నేహితురాళ్లు అనవచ్చు. ఇంకా కావాలి. అడగవచ్చు. ఎలా అడగాలన్నదే విషయం.

నాకు తోచిన దారులు చెబుతాను. ఏది మీకు నప్పుతుందో మీకే తెలుస్తుంది.

ఒకటి, పరీక్షలు ఆపి, పెట్టిన సంగతి ఆయనకు చెప్పేయడం. కష్టమైన పనే. ఆయనకు కోపం రావచ్చు, "ఇన్నాళ్లూ నన్ను కనిపెడుతున్నావా" అని నొచ్చుకోవచ్చు. కొన్నాళ్లు ఇంట్లో ఇంకా మౌనం పెరగవచ్చు. కానీ ఆ కోపం మీరు రాసి పెట్టుకున్న రెండు జవాబుల్లో లేదు. అది ఆయన సొంతం. చెప్పకుండా ఆపేయాలనుకుంటే అదీ చేయవచ్చు. గొడవ ఉండదు, కానీ ఇన్ని నెలలు మీలో ఏం జరిగిందో ఆయనకు ఎప్పటికీ తెలియదు. మీరు ఆయన్ని అడుగుతున్నది లోపలి మాట చెప్పమని. మీ లోపలి మాట ఆయనకూ చెప్పాలి కదా.

రెండోది, అడగడం. "నేనంటే ఏమైనా ఉందా" అన్న ప్రశ్న వద్దు. దానికి ఎవరి దగ్గరా మంచి జవాబుండదు. ఆ రోజుల గురించే అడగండి. "నాన్న పోయారని ఫోనొచ్చినప్పుడు మీకేమనిపించింది?" "అక్కడ అందరి మధ్యా మీరెలా ఉన్నారు?" ఎదురెదురుగా కూర్చోబెట్టి కాకుండా, ఇద్దరూ ఏదో పనిలో ఉన్నప్పుడు అడగండి. కారులో వెళ్తున్నప్పుడో, ఒక పొద్దున మీరూ స్వెటర్ వేసుకుని బయటికి వెళ్లి రెండో అద్దం మీది మంచు గీకుతున్నప్పుడో. మాట తక్కువ మనుషులకు చేతిలో పని ఉంటే నోరు పెగులుతుంది. మొదటిసారి "ఏముంది, బాధేసింది" అని ఆపేయవచ్చు. అక్కడితో తీర్పు ఇచ్చేయకండి. మీరు కోరుకున్న జవాబు రాకపోవచ్చని కూడా సిద్ధపడాలి. "నువ్వు ఏడుస్తుంటే నాకు భయమేసింది, దగ్గరికి రాలేకపోయాను" అనొచ్చు. "మా నాన్న పోయినప్పుడు ఎలా ఉంటుందో అని అదే ఆలోచించాను" అనొచ్చు. రెండోది వింటే మీకు నొప్పిగా ఉంటుంది. కానీ అది ఒక మనసు ఇచ్చిన జవాబే.

అడిగేటప్పుడు ఆయన చెప్పడానికి ఏదో ఉందని ముందే నమ్మి అడగండి. ఇది ఊరికే ధైర్యం చెప్పడం కాదు. 1896లో యేల్, బ్రౌన్ యూనివర్సిటీల్లో ఇచ్చిన ఉపన్యాసంలో జేమ్స్ సరిగ్గా ఈ ప్రశ్నే తీసుకున్నాడు: నేనంటే నీకు ఇష్టమా, కాదా? చాలాసార్లు దానికి జవాబు నేను సగం దారి ఎదురొస్తానా లేదా అన్నదాని మీదే ఉంటుంది అన్నాడు. రుజువు దొరికేదాకా కదలనని దూరంగా నిలబడితే, పుట్టాల్సిన ఇష్టం పుట్టకుండానే పోతుంది. కొన్ని నిజాలకు ముందు నమ్మకం కావాలి, రుజువు తర్వాత వస్తుంది. ఈ మాటను దుర్వినియోగం చేసేవాళ్లు లేకపోలేదు. కొట్టే భర్తను కూడా నమ్మమనేవాళ్లున్నారు. మీరు రాసినదాంట్లో అలాంటిదేమీ లేదు కాబట్టే మీకు ఇది చెబుతున్నాను.

మూడోది, ఏమీ అడగకుండా, ఆయన పనులనే ఆయన భాషగా తీసుకుని బతకడం. అలా నిండుగా బతికిన దంపతులున్నారు. దాన్ని తక్కువ చేయను. కానీ మీ ఆకలి తీరలేదని మీ ఉత్తరమే చెబుతోంది. నోరు మూసుకుంటే అది రాత్రుళ్లు ఫోన్‌లోకి వెళ్తుంది, రేపు ఇంకెక్కడికో వెళ్తుంది. ఈ దారి ఎంచుకుంటే ఫోన్ కాకుండా మాట్లాడటానికి ఒక మనిషిని చూసుకోండి. అక్కగానీ, క్లాసులో ఒక స్నేహితురాలు గానీ.

మీరిద్దరూ మొదలుపెట్టలేకపోతే కౌన్సెలర్ దగ్గరికి వెళ్లవచ్చు. తెలుగులో మాట్లాడేవాళ్లు ఆన్‌లైన్‌లో దొరుకుతారు. ఆయన రానంటే మీరొక్కరే వెళ్లండి. ఎన్నిసార్లు అడిగినా, నెమ్మదిగా అడిగినా, ఇదంతా నీ పిచ్చి అని ఆయన కొట్టిపారేస్తుంటే అది ఇక మనసు కనపడటం లేదన్న సమస్య కాదు. కనపడిన మనసు మీకు చోటివ్వడం లేదన్న సమస్య. అప్పుడు మీ చదువు, మీ పని, మీ చేతిలో డబ్బు గురించి వేరే ఆలోచించాలి. ఆ ఆలోచనలు ఇప్పట్నుంచే కాస్త మొదలుపెట్టినా తప్పులేదు, ఈ పెళ్లి ఎంత బాగున్నా సరే.

ఒక్క విషయం జాగ్రత్త. ఈ అనుమానం మీవారి దగ్గర ఆగకుండా పాప మీద, అమ్మ మీద, రోడ్డు మీద నడిచే వాళ్ల మీద కూడా వస్తూ ఉంటే, నిద్ర పోనివ్వకపోతే, అది పుస్తకాలతో తేలేది కాదు. డాక్టర్‌కు చెప్పండి. జేమ్స్ కూడా ఇరవైల్లో ఇలాంటి చీకటిలో పడ్డాడు. 1870 ఏప్రిల్ 30న డైరీలో, స్వేచ్ఛ ఉందని నమ్మడమే తన మొదటి స్వేచ్ఛా చర్య అని రాసుకున్నాడు. అప్పటికప్పుడు కోలుకోలేదు. ఏళ్లు పట్టింది.

చివరిగా, ఆ వ్యాసం ఆయన చేత చదివించమంటారా అని అడిగారు. యంత్రప్రేయసి ఫుట్‌నోట్ మాత్రం ఇవ్వకండి. ఆయన దాన్ని నేరారోపణగా చదువుతారు. జేమ్స్‌దే ఇంకొకటుంది, 1899లో అచ్చయింది, మనుషుల్లో ఉండే ఒకానొక గుడ్డితనం గురించి. నార్త్ కరోలినా కొండల్లో బండి మీద వెళ్తూ జేమ్స్ అడవి కొట్టి కొత్తగా చేసిన పొలాలు చూశాడు. చెట్లు చంపేసి, మొద్దులు కాల్చేసి, వాటి మధ్య మొక్కజొన్న వేసి, వంకరటింకర కంచె కట్టారు. అడవి అందమంతా పాడుచేశారని బాధపడ్డాడు. ఇలాంటి పొలాలు చేసేది ఎవరని బండివాణ్ని అడిగితే, మేమందరమూ అదే చేస్తాం, ఇలాంటి లోయ ఒకటి సాగులోకి తెస్తే తప్ప మాకు సంతోషమే ఉండదు అన్నాడు. తనకు వికారంగా కనపడిన ఆ మొద్దుల్లో వాళ్లు తమ చెమటను, గెలుపును, పెళ్లాం పిల్లల భద్రతను చూసుకుంటున్నారని జేమ్స్‌కు అప్పుడు అర్థమైంది. కేంబ్రిడ్జ్‌లో తాను గడిపే బతుకు వాళ్లకూ అంతే బోసిగా కనపడుతుందని కూడా తోచింది. ఆ వ్యాసం ఇద్దరూ కలిసి చదవండి. చిన్నదే. చదివాక, మీకు ఏ పనిలో అలాంటి సంతోషం ఉంది అని ఆయన్ని అడగండి. మీది ఏమిటో ఆయన అడగకపోయినా మీరే చెప్పండి. ఏం జరిగిందో వీలైతే మళ్లీ రాయండి.